అమ్మానాన్నల టికెట్‌లో తక్కువ గంటలు వెతకొద్దు

పోయిన వారం మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో తమ్ముడు, అంటే మా బాబాయ్ గారి అబ్బాయి, ఒక స్క్రీన్‌షాట్ పెట్టాడు. హైదరాబాద్ నుంచి డాలస్, దోహా మీదుగా, మొత్తం 22 గంటల 5 నిమిషాలు. బాబాయ్, పిన్ని మొదటిసారి అమెరికా వస్తున్నారు. "ఇంతకన్నా తక్కువ టైమ్ ఎందులోనూ లేదు, బుక్ చేసేస్తున్నా" అని కింద రాశాడు. అందరూ సూపర్ అన్నారు. పిన్ని వాయిస్ మెసేజ్ పెట్టింది: "తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం మూడున్నరకి అక్కడుంటామా! ఇంత దగ్గరా!"

నా చూపు మాత్రం ఆ 22 గంటల కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఇంకో అంకె మీద ఆగింది. దోహాలో విమానం మారడానికి 1 గంట 20 నిమిషాలు. వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి, దోహాలో నాలుగైదు గంటలు ఆగే టికెట్ చూడమన్నాను. "అక్కా, పెద్దవాళ్లని ఇంకో మూడున్నర గంటలు ఎక్కువ తిప్పమంటావా?" అన్నాడు. అవును, తిప్పమనే అంటాను. ఎందుకో ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

14,400 కిలోమీటర్లు

గ్లోబు మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఒక దారం లాగి పట్టుకుంటే సుమారు 14,400 కిలోమీటర్లు వస్తుంది. ఆ దారం యూరప్ వైపు పోదు, పసిఫిక్ వైపూ పోదు. రెండు ఊళ్లూ భూగోళానికి దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి కాబట్టి దారం నేరుగా ఉత్తరానికి లేస్తుంది. ఢిల్లీ దగ్గరగా, హిమాలయాలు, కజకిస్తాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దూరం నుంచి అవతలికి దిగి, కెనడా మధ్యలోంచి డాలస్ చేరుతుంది.

దోహా మీదుగా వెళ్తే హైదరాబాద్ నుంచి దోహా సుమారు 2,900, అక్కడి నుంచి డాలస్ 12,750. మొత్తం 15,650 కిలోమీటర్లు. అంటే గల్ఫ్‌కి వెళ్లి చుట్టు తిరిగి వస్తున్నాం అనుకుంటాం గానీ, నిజానికి పెరిగే దూరం పదో వంతు కూడా లేదు. గల్ఫ్ విమానాశ్రయాలు మనకి ఇంత అలవాటు కావడానికి టికెట్ ధర ఒక్కటే కారణం కాదు, భూగోళం కూడా వాటికి కలిసొచ్చింది. దుబాయ్ నుంచి డాలస్‌కి ఎమిరేట్స్ 2012లో, దోహా నుంచి ఖతార్ ఎయిర్‌వేస్ 2014లో నేరు విమానాలు మొదలుపెట్టాక డాలస్ చుట్టుపక్కల ఉన్న తెలుగు ఇళ్లకి అమ్మానాన్నల రాకపోకలు ఎంత మారాయో ఇక్కడివాళ్లకి నేను చెప్పనక్కర్లేదు.

ఈ కిలోమీటర్లు ఎందుకు రాశానంటే, దూరం తగ్గించడానికి మన చేతిలో ఏమీ లేదు. ఏ దారిన వచ్చినా ఇరవై గంటలకి పైగా గాల్లో ఉండాల్సిందే. దోహా నుంచి డాలస్‌కి పదహారు గంటలు పైనే పడుతుంది. పడమటి నుంచి తూర్పుకి వీచే పైగాలులు ఎదురొస్తాయి కాబట్టి రావడానికి పట్టినంత సేపు తిరిగి వెళ్లడానికి పట్టదు. అదీ మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఒక్కటే, ఈ రెండు విమానాల మధ్య ఎంత ఖాళీ పెట్టుకోవాలి అన్నది. విచిత్రం ఏమిటంటే, మనం తగ్గించేదీ దాన్నే.

తెనాలిలో తలుపు దగ్గర మొదలయ్యే ప్రయాణం

బాబాయ్ వాళ్లు ఉండేది తెనాలి. అక్కడి నుంచి నార్కట్‌పల్లి మీదుగా వచ్చినా, విజయవాడ మీదుగా వచ్చినా శంషాబాద్ 300 కిలోమీటర్ల పైమాటే. మధ్యలో భోజనానికి, కాఫీకి ఆగితే ఆరు గంటలు. నాలుగింటి విమానానికి అర్ధరాత్రి దాటేసరికి విమానాశ్రయంలో ఉండాలంటే సాయంత్రం ఆరింటికల్లా ఇంటికి తాళం వేయాలి. అంటే విమానం కదిలేసరికే వాళ్ల ప్రయాణం పది గంటలు పూర్తవుతుంది. రాత్రి నిద్ర అప్పటికే పోయింది. చుట్టాల పలకరింపులు, పెట్టెలు తూకం వేయడం, ఆవకాయ డబ్బా తీసి కందిపొడి పెట్టడం, మళ్లీ డబ్బానే పెట్టడం, వీటితో అంతకుముందు రాత్రి నిద్ర కూడా సగమే.

డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్ లైను, సామాను, కారులో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో దాకా. రెండున్నర గంటలు అనుకుందాం. మొత్తం కలిపితే దాదాపు 34 గంటల 30 నిమిషాలు. టికెట్ మీద కనబడే 22 ఇందులో ఒక ముక్క. పిన్నికి పన్నెండు గంటల్లోపే చేరిపోతామని అనిపించడం గడియారాల తేడా వల్ల. ఎండాకాలంలో మనకీ డాలస్‌కీ 10:30 గంటలు, చలికాలంలో 11:30 గంటలు తేడా. ఆ గంటలు ఎక్కడికీ పోలేదు, ఆ రోజే అంత పొడుగవుతుంది. పిన్ని షుగర్ మాత్రలకి, బాబాయ్ ఇన్సులిన్‌కి ఆ పొడుగు తెలుస్తుంది. పడమటికి వచ్చేటప్పుడు రోజు పెరిగితే మోతాదు, వేళలు ఎలా మార్చుకోవాలో ముందే డాక్టర్ని అడగాలి. ఇది చాలామంది చివరి నిమిషం దాకా గుర్తుపెట్టుకోరు.

34 గంటల ప్రయాణంలో మూడున్నర గంటలు అటూ ఇటూ అయితే పెరిగేది పదో వంతు. ఆ పదో వంతు మిగుల్చుకోవడానికి మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా కంగారు పుట్టించే చోటుని గంటా ఇరవై నిమిషాలకి కుదిస్తున్నాం. నా వాదనంతా ఇంతే.

ఆ గంటా ఇరవైలో ఏముంటుంది

విమానం నేలని తాకిన దగ్గర్నుంచి తలుపు తీసేదాకా పది, పదిహేను నిమిషాలు. వెనక వరుసల్లో కూర్చున్నవాళ్లు దిగేసరికి ఇంకో పదిహేను. కొన్నిసార్లు మెట్లు దిగి బస్సు ఎక్కాలి. తర్వాత ట్రాన్స్‌ఫర్ దగ్గర సెక్యూరిటీ తనిఖీ. బెల్టు, గాజులు, ల్యాప్‌టాప్, మందుల సంచి. అక్కడి నుంచి గేటు. దోహాలోనూ దుబాయ్‌లోనూ టెర్మినల్ లోపలే రైలు నడుస్తుందంటే ఆ గేట్లు ఎంత దూరంగా ఉంటాయో ఊహించుకోవచ్చు. అమెరికా వెళ్లే విమానానికి గేటు దగ్గర మళ్లీ పత్రాలు చూస్తారు, కొందరిని విడిగా ఆపి తనిఖీ చేస్తారు, అందుకే బోర్డింగ్ కూడా బాగా ముందే మొదలవుతుంది. ఇవన్నీ తీసేస్తే చేతిలో మిగిలేది పావుగంట, ఇరవై నిమిషాలు. అది కూడా మొదటి విమానం సరిగ్గా సమయానికి వస్తేనే.

మా అత్తయ్య విషయంలో రాలేదు. కొన్నేళ్ల కిందట ఆవిడ ఒక్కరే వచ్చారు, దాదాపు ఇంతే ఖాళీతో. ఏ విమానాశ్రయమో, ఏ సంస్థో రాయను. మొదటి విమానం ముప్పావుగంట ఆలస్యం. ఆవిడ గేటు చేరేసరికి తలుపు మూసేశారు. ఒకే టికెట్ మీద రెండు విమానాలూ ఉన్నాయి కాబట్టి వాళ్లే తర్వాతి విమానంలో సీటు ఇచ్చారు, భోజనం కూపన్ కూడా ఇచ్చారు. అందులో వాళ్లని తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ సంగతి మాకెవరికీ తెలియదు. ఆవిడ ఫోన్‌లో రోమింగ్ లేదు. అక్కడి వైఫై ఓటీపీ అడిగింది, ఆ ఓటీపీ రావాల్సింది పనిచేయని ఆ నంబరుకే. ఇక్కడ మా ఆయన విమానాశ్రయంలో బయటికొచ్చే ప్రతి ముఖాన్నీ చూస్తూ నిలబడ్డారు. అక్కడ ఆవిడ కూపన్ పట్టుకుని ఎవరిని ఏమడగాలో తెలియక, ఎవరో కదిలిస్తే సీటు పోతుందేమో అన్నట్టు గేటు దగ్గరే కూర్చున్నారు. భోజనానికి లేవలేదు, బాత్రూమ్‌కి కూడా ఎక్కువసార్లు వెళ్లలేదు. వచ్చాక ఆవిడ విమానం గురించి ఏమీ అనలేదు. "మీకెంత టెన్షన్ పెట్టానో" అన్నారు. నాకు ఇప్పటికీ ఆ మాటే బాధగా ఉంటుంది.

ఆలస్యాలు అప్పుడప్పుడు జరిగేవే కదా అనుకోవచ్చు. కానీ ఈ మధ్య ఆకాశంలో దారులే ఎప్పుడు మూసుకుంటాయో తెలియడం లేదు. 2022 నుంచి అమెరికా సంస్థలకి రష్యా ఆకాశం లేదు. 2025 ఏప్రిల్ నుంచి భారతీయ సంస్థలకి పాకిస్తాన్ ఆకాశం మూసేయడంతో, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాల్లో కొన్ని వియన్నా వంటి చోట్ల ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్ 23 రాత్రి ఖతార్ తన ఆకాశాన్నే కొన్ని గంటలు మూసేసింది. అలాంటి రోజు నాలుగు గంటల ఖాళీ ఉన్నా చాలదు, ఒప్పుకుంటాను. కానీ మామూలు రోజుల్లో వచ్చే అరగంట, ముప్పావుగంట ఆలస్యాలని అది ఇట్టే మింగేస్తుంది.

బావ అడిగినవి

ఈ విషయం మా బావతో చాలాసేపు మాట్లాడాను. ఆయన మాటల్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి. "అరవై ఏళ్లు దాటినవాళ్లని కుర్చీలో ఐదు గంటలు కూర్చోబెట్టడం కన్నా, తిప్పలేవో ఒకేసారి పడి వచ్చి మంచం మీద పడుకోవడం మేలు కదా?" అన్నారు. నడుం నొప్పి ఉన్నవాళ్లకి ఇది నిజం. ఇనుప కుర్చీల్లో నిద్రపట్టదు. అలాంటివాళ్లకి లాంజ్‌లో చోటు కొనాలి, లేదా ఆరేడు గంటలు ఉంటే టెర్మినల్ లోపలి హోటల్లో గది తీసుకోవాలి. ఖర్చే, కానీ మనం ఆ టికెట్‌కి పెట్టేదాని ముందు పెద్దది కాదు.

అయితే "ఒకేసారి" అన్నమాటకి వైద్యం వైపు నుంచి ఇంకో జవాబు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన అధ్యయనంలో, నాలుగు గంటలకి మించి కదలకుండా ప్రయాణిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని తేలింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేంత చిన్నదే, భయపడాల్సినంత కాదు. కానీ విమానానికే కాదు, కారుకీ బస్సుకీ రైలుకీ కూడా అదే లెక్క. తెనాలి నుంచి కారులో ఆరు గంటలు, తర్వాత విమానంలో నాలుగున్నర, ఆ తర్వాత పదహారు. ఈ మూడు కూర్చోవడాల మధ్య హాయిగా నడిచే వీలు దొరికేది దోహాలోనే. ఆ నాలుగైదు గంటల్లో ముఖం కడుక్కుని, వేడిగా ఏదైనా తిని, మాత్ర వేసుకుని, వీడియో కాల్‌లో మనవడిని చూసి, ఆ పొడవాటి హాల్లో మెల్లగా నడిస్తే, పదహారు గంటల విమానంలోకి వేరే మనుషుల్లా ఎక్కుతారు. పరిగెత్తి ఎక్కినవాళ్ల గుండె కుదుటపడడానికే రెండు గంటలు పడుతుంది.

బావ ఇంకొకటి అన్నారు: హైదరాబాద్ నుంచి నేరు విమానం ఉంటే ఈ గొడవే ఉండదు కదా అని. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి వారానికి ఒక నేరు విమానం మొదలుపెట్టింది. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి తొలి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్, ఆమెతోపాటు మహిళా పైలట్లు ధ్రువం మీదుగా నడిపి తీసుకొచ్చారు. అప్పుడు మనవాళ్లంతా ఎంత సంబరపడ్డామో నాకు గుర్తుంది. షికాగో విమానం ఎక్కువ కాలం నిలవలేదు. అంత దూరం ఆగకుండా ఎగరాలంటే మోసుకెళ్లే ఇంధనమే పెద్ద బరువు; ముందు తరగతి సీట్లు ఖరీదుకి నిండకపోతే గిట్టుబాటు కాదు. మన విమానాల్లో ఎక్కువమంది చదువుకోడానికి వెళ్లే పిల్లలు, చూసిపోవడానికి వచ్చే తల్లిదండ్రులు. గల్ఫ్ సంస్థలకైతే యాభై ఊళ్ల జనాన్ని ఒకచోట చేర్చి ఒక విమానం నింపుకునే వీలుంది. యంత్రం వల్ల కాదని మాత్రం అనలేం. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లకి పైగా రోజూ ఆగకుండా ఎగురుతున్నారు.

నేరు విమానం వస్తే నాకూ సంతోషమే. నిజంగా నడవలేనివాళ్లకి, మతిమరుపు ఉన్నవాళ్లకి అంతకన్నా మంచిది లేదు. కానీ అది వచ్చేదాకా రెండు విమానాల మధ్య పరుగుని తగ్గించుకోవడం మన చేతిలోనే ఉంది.

జగిత్యాల అబ్బాయి

మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు దోహాలో నాలుగు గంటల పైనే ఖాళీ ఉంది. గేటు నంబరు మారింది. బోర్డు చూసి అర్థంకాక నిలబడితే, అక్కడ నేల తుడుస్తున్న ఒకతను వీళ్ల మాటలు విని "ఎటు పోవాలె అమ్మా?" అని అడిగాడట. జగిత్యాల దగ్గర ఊరు. సూపర్‌వైజర్‌కి చెప్పి, వీళ్లని రైలు దాకా తీసుకెళ్లి ఎక్కించి వచ్చాడు. దారిలో అమ్మ అడిగింది, ఇంటికి ఎప్పుడెళ్తావు నాయనా అని. రెండేళ్లకోసారి అన్నాడు. పాప పుట్టినప్పుడు వెళ్లలేదట.

హైదరాబాద్ నుంచి అతని పనిచోటుకి నాలుగున్నర గంటలు. మా అమ్మ తెనాలి నుంచి శంషాబాద్ రావడానికి పట్టినంత కూడా పట్టదు. ఆ మొదటి విమానంలో మన పెద్దవాళ్ల చుట్టూ కూర్చునేది కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప వైపు నుంచి అలా పనికి వెళ్లేవాళ్లే. వాళ్లకి దోహా మధ్యలో ఆగే చోటు కాదు, గమ్యం. దూరాన్ని గంటల్లో కొలవడం ఎంత తప్పో నాకు అందరికన్నా బాగా చెప్పింది ఆ అబ్బాయే.

ఇక్కడే వీల్‌చైర్ సంగతి కూడా చెప్పాలి. నడవగలిగిన అమ్మానాన్నలకి కూడా భాష రాదని మనం వీల్‌చైర్ పెట్టేస్తున్నాం, దారి చూపే మనిషి దొరుకుతాడని. ఎందుకు పెడుతున్నామో నాకు తెలుసు, నాకూ ఆ ఆలోచన వచ్చింది. కానీ నిజంగా మోకాళ్లు పనిచేయని మరొకరు అదే కుర్చీ కోసం విమానం తలుపు దగ్గర ఎదురుచూస్తుంటారు. తోడుండి గేటు దాకా తీసుకెళ్లే సేవలు దోహాలో అల్ మహా, దుబాయ్‌లో మర్హబా పేర్లతో డబ్బు కట్టి తీసుకోవచ్చు. ఇంకా మంచిది, హైదరాబాద్ విమానాలు దిగే వేళకి తెలుగు మాట్లాడే ఇద్దరిని ట్రాన్స్‌ఫర్ దగ్గర నిలబెట్టడం. ఇన్ని వేల మంది తెలుగువాళ్లు వెళ్తున్నారు, ఇంత మాత్రం అడగడం అత్యాశ కాదని నా నమ్మకం.

ఒకటి మాత్రం ఖాళీ ఎంతున్నా పనికిరాదు: అమెరికాలో విమానం మారడం. మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ అవ్వాలి, 23 కిలోల పెట్టెలు బెల్టు మీంచి లాగి, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించి, మళ్లీ సెక్యూరిటీకి వెళ్లాలి. రెండో విమానం పిల్లలుండే ఊళ్లోనే దిగేలా చూడండి. అలా కుదరని ఊళ్లకి అబుదాబి మంచి దారి. అక్కడ 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ ముందే పూర్తి చేస్తున్నారు, ఇక్కడ దేశీయ ప్రయాణికుల్లా దిగొచ్చు. అయితే ఆ లైన్లకి కూడా సమయం కావాలి కాబట్టి అక్కడ ఖాళీ ఇంకా ఎక్కువ ఉండాలి.

తమ్ముడు చివరికి దోహాలో 4 గంటల 50 నిమిషాలు ఆగే టికెట్ తీశాడు. మొత్తం 25 గంటల 35 నిమిషాలు. రోమింగ్ ప్యాక్ కూడా వేయిస్తున్నాడు. ఇప్పుడు మా మధ్య మిగిలింది తిరుగు ప్రయాణం. డాలస్ నుంచి దోహాకి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి పద్నాలుగున్నర గంటల్లో వచ్చేస్తారు. శంషాబాద్‌లో దిగేది రాత్రి రెండున్నరకి. వెంటనే కారెక్కి పొద్దుటికి తెనాలి చేరిపోవాలని బాబాయ్ పట్టు. కారు తోలే అబ్బాయి మధ్యాహ్నం తెనాలిలో బయల్దేరి, అర్ధరాత్రి దాటేదాకా పార్కింగ్‌లో కూర్చుని, తెల్లవారుజామున మళ్లీ 300 కిలోమీటర్లు నడపాలి. ఆ రోడ్డు మీద ఆ వేళప్పుడు జరిగే ప్రమాదాలు మనం పేపర్లో చూస్తూనే ఉంటాం. విమానాశ్రయం దగ్గరే గది తీసుకుని, డ్రైవర్ కూడా పడుకుని, టిఫిన్ చేసి పదింటికి బయల్దేరమంటున్నాను. గది డబ్బు నేనే ఆన్‌లైన్‌లో కట్టేస్తానన్నాను. బాబాయ్ ఇంకా ఒప్పుకోలేదు. పిన్ని ఒప్పుకుంది.